అమ్మ పిక్క మీద వేళ్ల గుర్తులు

దెయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే నేను అక్కడి నుంచి లేచి వెళ్లిపోయే రకం. భయంతో కాదు, విసుగుతో. మా వాళ్లు సముద్రం మీద బతికేవాళ్లు. మా పేటలో ప్రతి ఇంటికీ ఒక కథ ఉంటుంది, ప్రతి కథలోనూ పోయినవాళ్లు ఎవరో ఒకరు తిరిగి వస్తారు. చిన్నప్పటి నుంచి విని విని ఒళ్లు మండిపోయింది నాకు. ఇప్పుడు నేనే ఒకటి చెప్పబోతున్నాను. నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

నేను శ్రీకాకుళంలో ఆధార్ వేలిముద్రలు తీసే సెంటర్‌లో పని చేస్తున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం వేళ్లు పట్టుకుని మెషీన్ మీద నొక్కడమే నా ఉద్యోగం. వల తాళ్లు లాగినవాళ్ల వేళ్లు అరిగిపోయి ముద్రలు పడవు. తడిగుడ్డతో తుడిచి మళ్లీ మళ్లీ నొక్కాలి. వేలు తెగిపోయినవాళ్లూ వస్తుంటారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, వేళ్ల విషయంలో నా కన్ను అంత తేలిగ్గా మోసపోదు.

అమ్మ చేపలు అమ్మేది. వయసులో ఉన్నప్పుడు తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగింది. తర్వాత బజార్లో కత్తిపీట ముందు గొంతుక్కూర్చుని కోసి ఇచ్చేది. ఒకరోజు అక్కడే తడి గచ్చు మీద జారిపడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి కీలు మార్చారు.

పంపేటప్పుడు డాక్టరు చాలా చెప్పాడు. గొంతుక్కూర్చోకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు, ముందుకు వంగి పాదాలు అందుకోకూడదు. అలా చేస్తే కొత్త కీలు జారిపోతుంది. కుట్ల దగ్గర చీము పడుతుందేమో చూసుకోవాలి. వాకర్ పట్టుకుని రోజూ నడవాలి. రక్తం గడ్డకట్టకుండా మాత్ర మానకుండా వేసుకోవాలి. అమ్మ అంతా విని, "అయితే ఇంక నిలబడి కొయ్యాలేటి సేపలు?" అని మాత్రం అడిగింది.

అరసవల్లిలో మేం అద్దెకుంటున్న ఇంటికే అమ్మను తెచ్చుకున్నాను. మా ఆయనకు గజపతినగరంలో పని, ఆదివారాలు వస్తాడు. పగలు అమ్మను చూసుకోవడానికి పోలమ్మ పిన్ని వచ్చేది. అమ్మకు సొంత చెల్లెలు. బెణుకు పట్టినా, నడుం పట్టేసినా పేటలో అందరూ పిన్ని చేతే నూనె పెట్టి పిసికించుకుంటారు.

నేను తుంటినే చూస్తూ కూర్చున్నాను. కుట్లు చూశాను, కీలు జారకుండా కాళ్ల మధ్య దిండు చూశాను. మిగతావి నాకు తెలియకుండా జరిగాయి. మాటిమాటికీ కమోడు కుర్చీ ఎక్కలేక అమ్మ నీళ్లు తాగడం మానేసింది. ఎముక అతుక్కోవాలి కదపకండి అని చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ చెప్పారు, కాబట్టి మంచం దిగడం మానేసింది. ఆ మాత్ర రక్తాన్ని పల్చబరుస్తుందని తెలిసి పిన్ని గుండె బాదుకుంది. "నెత్తురు పల్సనైపోతే మనిసిలో ఇంకేటుంతాది?" అంది. అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి దాన్ని కూడా ఆపేశారు. మా పేటలో ఎవరి ఇంట్లోనైనా ఇదే జరిగి ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తే అమ్మ మామూలుగా, పాలవాడు వచ్చి వెళ్లాడన్నట్టు చెప్పింది.

"మీ నాన్న కాలట్టుకుని కూకున్నాడే."

నాన్న పోయి కొన్నేళ్లయింది. సముద్రంలో కాదు, మంచం మీదే పోయాడు. ఇక్కడ ఆయన గురించి ఒక మాట చెప్పాలి. అమ్మ తట్ట దించి వచ్చాక నాన్న రోజూ గుమ్మంలోనే కూర్చుని ఆమె పిక్కలు పిసికేవాడు. పెళ్లాం కాళ్లు పట్టేవాడని పేటలో మగవాళ్లు ఏడిపించేవారు. "నా పెళ్లాం తట్ట మోస్తాది. నీ పెళ్లాం మోస్తాదేటి?" అనేవాడు తల ఎత్తకుండా. ఆయన కుడిచేతికి ఉంగరం వేలు లేదు. వల తాడు బిగుసుకుని మొదలంటా పోయింది.

నొప్పి మాత్రల మత్తులో మాట్లాడుతోందనుకున్నాను. "పిసుకుతున్నాడా మరి?" అని వేళాకోళం కూడా చేశాను.

"నేదు. వట్టినే అట్టుకున్నాడు. ఒగ్గట్నేదు" అంది.

తర్వాత కూడా రెండు మూడుసార్లు అదే మాట. పిసకడం లేదు, ఊరికే పట్టుకున్నాడు, వదలడం లేదు, చెయ్యి చల్లగా ఉంది. నేను పట్టించుకోలేదు. కాలు కాస్త వాచింది. ఆపరేషన్ అన్నాక వాపు ఉంటుందిలే అనుకున్నాను.

ఆ రోజు కూడా మధ్యాహ్నమే. నేను వచ్చేసరికి అమ్మ కాలు మోకాలి కింద నుంచి బిగుసుకుపోయి, చర్మం నిగనిగలాడుతోంది. ముట్టుకుంటే కాలిపోతోంది. పిన్ని అప్పటికే నువ్వుల నూనె వెచ్చబెట్టి గిన్నెలో తెచ్చుకుంది. గట్టిగా పిసికితే నీరు దిగిపోతుందంది. నాకూ అదే మంచిదనిపించింది. నేనే చీర పైకి జరిపి కాలు పట్టుకున్నాను.

పిన్ని అరచేతిలో నూనె పోసుకుని పిక్క కింద చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి పెట్టినట్టే వెనక్కి లాక్కుంది.

"ఓలమ్మో! ఇక్కడెవలో సెయ్యేసున్నారే."

నాకు కోపం వచ్చింది. ఆఫీసుకు తిరిగి వెళ్లాలి, అమ్మ మూలుగుతోంది, ఈవిడ చూస్తే ఇలా. నీ వల్ల కాకపోతే తప్పుకో, నేను పిసుకుతాను అని కసిరి వంగాను. అప్పుడు చూశాను.

పిక్క బయటివైపు గుంటలు పడి ఉన్నాయి. పక్కపక్కన రెండు, తర్వాత ఒక వేలు పట్టేంత ఖాళీ, ఆ తర్వాత చిన్నది ఒకటి. లోపలివైపు బొటనవేలిది. అలవాటు కొద్దీ నా వేళ్లు వాటిలో పెట్టి చూశాను. నా వేళ్లు వాటిలో వదులుగా ఆడాయి. నా ఉంగరం వేలికి మాత్రం చోటు లేదు, అక్కడ కండ ఉబ్బి ఉంది. కాలంతా కాలిపోతున్నా ఆ గుంటల్లో చల్లగా ఉంది.

పిన్ని కూడా చూసింది. "మా బావ సెయ్యి" అంది. నూనె గిన్నె పట్టుకెళ్లి పెరట్లో పారబోసింది. "బావ అట్టుకున్నకాడ నాను సెయ్యెట్టను. నువ్వూ ముట్టుకోకు" అంది.

నాకు భయం వేయలేదు. ఏడుపూ రాలేదు. ఏమీ అనిపించలేదు. ఒళ్లు మొద్దుబారిపోయి, ఎవరి ఇంట్లోనో నిలబడి ఉన్నట్టు ఉంది. ఇంక చేయడానికి ఏమీ తోచక ఆటో పిలిచాను. నిజం చెప్పాలంటే, ఆసుపత్రికి తీసుకెళ్లడానికి అదొక్కటే కారణం.

అక్కడి డాక్టరమ్మ కాలు చూడగానే, "ఇక్కడ ఎవరు నొక్కారు? మర్దన చేశారా?" అని గట్టిగా అడిగింది. లేదన్నాను. నమ్మలేదు. గుర్తులు చూపించి మళ్లీ అడిగింది. స్కాన్ తీశారు. పిక్క నుంచి పైకి నరంలో రక్తం గడ్డకట్టి ఉంది. తుంటి మార్చాక మంచం దిగకుండా, మాత్ర వేసుకోకుండా ఉంటే ఇలా అవుతుందంది. మాత్ర మానేసిన సంగతి అప్పుడు అమ్మ చెబితేనే నాకు తెలిసింది. ఆ కాలు పిసికి ఉంటే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లేదట. అలా వెళ్తే మనిషి మంచం మీదే పోవచ్చట.

ఆ మాట విన్నప్పుడు కూడా నేను తల ఊపాను, అంతే. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను.

అమ్మను చేర్చుకుని ఇంజెక్షన్లు ఇచ్చారు. బతికింది.

ఆ గుర్తుల గురించి నేను ఆలోచించని రోజు లేదు. నీరు పట్టిన కాలు నొక్కితే గుంట పడుతుంది, నాకు తెలుసు. డాక్టరమ్మ కూడా నొక్కి చూపించింది. ఆమె నొక్కిన గుంట చూస్తుండగానే పూడిపోయింది. ఇవి మాత్రం ఆటోలో అంతసేపు కుదుపులు తిన్నా చెక్కుచెదరలేదు. ఇంజెక్షన్ పడ్డాక సాయంత్రానికి పోయాయి. పిన్ని నొక్కిందా అంటే, ఆమె చేతికి అన్ని వేళ్లూ ఉన్నాయి, పైగా చెయ్యి ఆనించీ ఆనించకుండానే తీసేసింది. అమ్మ తనంతట తనే పట్టుకుందా అంటే, ఆమెకు అంత వంగడం చేతకాదు. దిండు మడతలు అలా వేళ్ల లెక్కన పడతాయా? ఫోటో తీయలేదేం అని అందరూ అడుగుతారు. అప్పుడు తట్టలేదు.

ఇంటికొచ్చాక అమ్మ బాగా నడిచింది. నీళ్లు తాగింది. వాపు తీసింది. కానీ కొన్నాళ్లకు మాత్ర ఇస్తే పక్కకు నెట్టేసింది.

"ఇది ఏసుకున్నకాడి నుంచి మీ నాన్న రాట్నేదు. నానొల్లను."

తిట్టాల్సింది. మాత్ర మానేస్తే మళ్లీ గడ్డకడుతుందని, ఈసారి పట్టుకునేవాళ్లు ఉండరని చెప్పాల్సింది. కానీ ఆమె మొహం తుంటి విరిగినప్పుడు కూడా అంత దిగులుగా లేదు. గోడ వైపు చూస్తూ పడుకుంది.

నేను కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఉంగరం వేలు మడిచి, మిగతా వేళ్లతో ఆమె పిక్క పట్టుకున్నాను. పిసకలేదు. ఊరికే పట్టుకున్నాను.

"సల్లగా నేదు" అంది అమ్మ.

మర్నాడు కుండలో నీళ్లు చెంబుతో ముంచుకుని, చెయ్యి అందులో పెట్టి, వేళ్లు తిమ్మిరెక్కాక వెళ్లి పట్టుకున్నాను. అమ్మ కళ్లు మూసుకుంది. మాత్ర వేసుకుంది. అప్పటి నుంచి రోజూ అంతే. దెయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్లిపోయే నేను, రోజూ వేలు మడుచుకుని వెళ్లి పోయినవాడిలా కూర్చుంటున్నాను. ఆ మధ్యాహ్నం ఆ కాలు పట్టుకుని ఉన్నది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. మా నాన్న అనలేను. కాదనీ అనలేను.

నిన్న కూడా అలాగే పట్టుకుని కూర్చున్నాను. అమ్మ కళ్లు తెరవకుండానే అంది.

"ఒసే, సెయ్యి తుడుసుకుని రావే. పక్కంతా తడిసిపోతన్నాది."

అని, మాత్ర కోసం నోరు తెరిచింది.