దర్జీ ఇంటి సోదా

మునిసిపాలిటీ ఉద్యోగంలో నేను సంపాదించుకున్నవి రెండే. ఒకటి మోకాళ్ల నొప్పి, రెండోది పోలీసుల పంచనామాల మీద సంతకాలు. సోదా జరిగేటప్పుడు ఆ ప్రాంతంలోని పరువుగల మనుషులు ఇద్దరు సాక్షులుగా ఉండాలంటుంది చట్టం. చిత్తూరులో పరువుగలవాళ్లెవరూ ఆ వేళకు దొరకరు కాబట్టి ఫోను నాకొస్తుంది. పోతే సగం రోజు గోవిందా. పోకపోతే మా ఆఫీసరు దగ్గర చీవాట్లు.

పోయి పోయి వారంటు చదవడం నేర్చుకున్నాను. మేజిస్ట్రేటు సంతకం ఉందా, కోర్టు ముద్ర పడిందా, ఏ ఇంటికి, ఏ వస్తువు కోసం అన్నది రాశారా అని చూస్తాను. చూసి ఊరుకుంటాను. నా అభిప్రాయం ఎవరడిగారు కనక!

ఆ పొద్దున వెళ్లింది ఒక దర్జీ ఆవిడ ఇంటికి. భర్త పోయాక బడిపిల్లల యూనిఫాంలు కుట్టి బతుకుతోంది. వారంటులో దొంగిలించిన వెండి సామాను కోసం అని ఉంది. డోరు నంబరు పద్నాలుగు అని ఉంది. ఆమె తలుపుకు ఎడమవైపు వెలిసిపోయిన పద్నాలుగు కనిపిస్తూనే ఉంది. కానీ అది పాత నంబరు. కొన్నేళ్ల కిందట మా ఆఫీసు నంబర్లు మార్చినప్పుడు ఆమె ఇల్లు ముప్పై ఒకటి అయింది. కుడివైపు ఆ అంకె రంగుతో రాసింది నేనే. పాతవి చెరిపితే ఉత్తరాలు రావని జనం గొడవ చేస్తే, రెండూ ఉండనిచ్చాం. ఇప్పటి పద్నాలుగు వీధి చివర ఉంది.

నేను చెప్పలేదు. ఎస్సై చిరాగ్గా ఉన్నాడు. ఇక్కడ ఏమీ దొరకదు, అరగంటలో తేలిపోతుంది, నా పని నేను చూసుకోవచ్చనుకున్నాను.

ఆమెను పక్కకు నిలబడమన్నారు. ఒక కానిస్టేబులు ఫోనులో వీడియో తీస్తున్నాడు. కొలతల ప్రకారం కత్తిరించి కట్టిపెట్టిన మూటలన్నీ విప్పి కుప్ప పోశారు. ఏ చేయి ఏ చొక్కాదో ఇక ఆమెకే తెలియదు. గుమ్మం ముందు వీధి వీధంతా చేరింది. వెండి కాదు కదా, స్టీలు గ్లాసు కూడా అనుమానంగా కనబడలేదు.

వాళ్లు బయల్దేరుతుంటే ఆమె అడ్డం నిలబడింది. "ఏమీ దొరకలేదని ఒక కాగితం ఇయ్యండి సార్. అందరూ సూసినారు. రేపు ఇస్కూలోళ్లకు ఏమని చెప్పేది?"

"ఏమీ దొరకనప్పుడు కాగితమెందుకమ్మా?" అన్నాడు ఎస్సై.

అప్పుడు నాకు నోరు పెగిలింది. "పంచనామా నకలు అడిగితే ఇయ్యాల సార్" అన్నాను. ఆయన నన్ను కొరకొర చూసి, రాయించి ఇచ్చాడు. ఆమెకు ఉర్దూ చదువొచ్చు, తెలుగు రాదు. నన్ను చదివి చెప్పమంది. 'ఏమియు దొరకలేదు' అన్నంతవరకు చదివాను. పైనున్న డోరు నంబరు చదవలేదు. ఆమె కాగితం కళ్లకద్దుకుంది. నేను తలొంచుకుని సంతకం పెట్టి వచ్చేశాను.

రెండు వారాల తర్వాత మా ఆఫీసుకు వచ్చింది. బడిలో ఆ కాగితాన్ని ఆమె ఆధార్ కార్డు పక్కన పెట్టి చూశారట. కాగితంలో పద్నాలుగు, కార్డులో ముప్పై ఒకటి. ఇది నీ ఇంటి కాగితం కాదన్నారట. యూనిఫాంల పని ఇంకెవరికో ఇచ్చేశారు.

"గోడ మీద నంబరు రాసింది నువ్వే కదన్నా. ఆ పొద్దు ఏల చెప్పలేదు?"

భయమని చెప్పొచ్చు. అబద్ధమవుతుంది. "తొందరగా అయిపోతాదనుకున్నానమ్మా" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. సొరుగులోంచి తెల్లకాగితం తీసి, పాత నంబరూ కొత్త నంబరూ ఒకే ఇంటివని ఇప్పుడే రాసి ముద్ర వేసిస్తానన్నాను.

ఆమె ఆ కాగితం వైపు కూడా చూడలేదు.

"ఇప్పుడు రాసిస్తే ఎవరికి సూపించేదన్నా?" అంది.