ఆఖరి సూదికే పథ్యం

బందరు నుంచి అద్దకం బట్టల కోసం వచ్చిన వ్యాపారి మొన్న పొద్దున మా అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, అప్పుడు చెప్పాడు అక్కడి ఆసుపత్రి నర్సమ్మగారు పోయారని. ముందే చెప్తే నీళ్ళు ఇవ్వనేమో అనుకున్నాడో ఏమో. మా పెడనలో ఆవిడ చేత సూది వేయించుకోని ఇల్లు తక్కువ, చీవాట్లు తినని ఇల్లు అసలే లేదు.

నేను ఆవిడని మొదట చూసింది పెన్సిలిన్ కొత్తగా వచ్చిన రోజుల్లో. ఆ మందు మీద జనానికి ఎంత నమ్మకమంటే, సూది పడకపోతే ఆసుపత్రికి వచ్చినట్టే కాదనుకునేవారు. దివిసీమ నుంచి ఏరు దాటి వచ్చిన ఒక రైతు, ముక్కు చీదుకుంటూ గుమ్మంలో నిలబడి బతిమాలడం నా కళ్ళతో చూశాను.

"ఇంత దూరం వచ్చానమ్మా, ఒక్క సూదన్నా వెయ్యండి."

"జలుబుకి సూదేంటి బాబాయిగారూ! డాక్టరుగారు రాయలేదు, నేను వెయ్యను. ఊరికే వేస్తా పోతే ఒంట్లో జబ్బు పురుగు ఆ మందుకి అలవాటు పడిపోద్ది. రేపు నిజంగా ప్రాణం మీదకొస్తే అప్పుడేం వెయ్యమంటారు?"

ఆయన గొణుక్కుంటూ వెళ్ళబోతే వెనక్కి పిలిచి, మిరియాల పాలు ఎలా కాచుకోవాలో చెప్పి, గ్లాసుడు వేడినీళ్ళు తాగించి మరీ పంపారు. కాదనడంలో కూడా ఆవిడకి అంత ఆదరం ఉండేది. చేతులు కడుక్కోకుండా మంచం దగ్గరికి వస్తే మాత్రం ఎంతటివారినైనా వెనక్కి నడిపించేవారు. "సబ్బు ముందు, పలకరింపు తర్వాత" అనేవారు. సీసాలో మిగిలిన మందు ఇంటి దగ్గర ముసలాయనకి పనికొస్తుందని ఎవరైనా అడిగితే ఇక చూడాలి ఆవిడ కోపం.

మా అమ్మాయికి ఆరో ఏట నెమ్ము చేసింది. ఊపిరి అందక డొక్కలెగరేస్తుంటే బందరు తీసుకెళ్ళాం. సూదులు మొదలుపెట్టాక ఒళ్ళు చల్లబడింది, నవ్వింది, అన్నం అడిగింది. ఇంకేం, మా అత్తగారు ప్రయాణం కట్టేశారు.

మా వైపు జ్వరం వదిలిందంటే తలకి పోసి పథ్యం పెట్టడమే. పాత బియ్యం అన్నం, బీరకాయ కూర, మిరియాల చారు. ఆ ముద్ద నోట్లో పడితే జబ్బు పోయినట్టే. ఆ తర్వాత కూడా మందు వేయిస్తే పోయిన జబ్బుని మళ్ళీ పిలిచినట్టని మా అత్తగారి నమ్మకం. అంతకు ముందటేడు పక్కింటి పిల్లవాడిని అలాగే మధ్యలో తెచ్చి పథ్యం పెట్టారు. తిరగబెట్టింది. వాడు దక్కలేదు. ఆ సంగతి నా గొంతు దాకా వచ్చింది గానీ, అత్తగారికి ఎదురు చెప్పే నోరు అప్పట్లో మా ఇళ్ళల్లో ఏ కోడలికి ఉంది? పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను.

మందు పూర్తిగా వేయించుకోవాలని డాక్టరుగారు పొద్దున్నే చెప్పారు. ఆయన ముందు అత్తగారు బుద్ధిగా తలూపారు. ఆయన అటు వెళ్ళగానే మూట కట్టారు. రోజంతా మా మధ్యే తిరిగే నర్సమ్మగారి కంట ఆ మూట పడింది.

"ఎక్కడికి పిన్నిగారూ?"

"ఇంటికమ్మా. గురువారం మంచిది, పథ్యం పెట్టేద్దామని. ఒళ్ళు చల్లబడిందిగా."

"జ్వరం తగ్గింది గానీ జబ్బు తగ్గలేదండీ. పురుగు ఇంకా పూర్తిగా చావలేదు. ఇప్పుడు మందు ఆపితే మిగిలింది లేచి కూర్చుంటది."

అత్తగారు పుట్టినప్పటి నుంచీ అద్దకంలో ఉన్న మనిషి. "అంటే, ఎరుపు సరిగ్గా పట్టకుండానే గంగాళంలోంచి బట్ట తీసేసినట్టంటావు" అన్నారు.

"నాకు అద్దకం తెలీదండీ. తీసేస్తే ఏమవుద్ది?"

"ఏమవుద్దేంటి! చూట్టానికి బానే ఉంటది. మొదటి ఉతుక్కే రంగంతా కాలవ పాలు."

"మరి బట్ట మీద ఉన్న ఓపిక మనవరాలి మీద లేదా పిన్నిగారూ?"

అత్తగారు మూట విప్పారు. అయినా పథ్యం బెంగ తీరలేదు. అది కనిపెట్టి నర్సమ్మగారు, "పాలూ రొట్టే నేను పెడుతూనే ఉంటాను. మీ పథ్యం మాత్రం ఆఖరి సూది రోజున ఇక్కడే పెట్టండి. మొదటి ముద్ద నేనే తినిపిస్తాను" అన్నారు.

అలాగే తినిపించారు. కూరలో ఉప్పు తక్కువైందని అత్తగారిని ఏడిపించారు కూడా. ఆ తర్వాత బంటుమిల్లి నుంచి వచ్చినా, నందివాడ నుంచి వచ్చినా ఆ వార్డులో ఆఖరి సూదికే పథ్యం. ఎవరైనా నసిగితే, "రంగు పట్టకుండా బట్ట తియ్యకూడదని పెడన పిన్నిగారు చెప్పారండీ" అనేవారట. పెద్దరికం మా అత్తగారికే ఇచ్చేశారు. మా అత్తగారు కూడా, ఆ మందు తానే కనిపెట్టినట్టు పోయేదాకా చెప్పుకున్నారు.

నిన్న నేనూ, పెళ్ళీడుకొచ్చిన మా అమ్మాయీ బందరు వెళ్ళాం. సమాధుల దొడ్డిలో మట్టి ఇంకా తడిగానే ఉంది. ఎవరెవరో పూలు పెట్టి వెళ్ళారు. ఆవిడ బతికుండగా నా కృతజ్ఞత ఎప్పుడూ పూర్తిగా చెప్పనివ్వలేదు, మొదలుపెట్టేలోపే పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయేవారు. నిన్న మాత్రం తీరిగ్గా అంతా చెప్పుకున్నాను.

తిరిగి వస్తుంటే పెడన బస్సు కదిలిపోతోంది. ఇక వదిలెయ్యమన్నాను. అమ్మాయి చెప్పులు చేత పట్టుకుని పరుగందుకుంది. "ఆపండీ! మా అమ్మ వస్తోంది, ఆపండీ!" అని రోడ్డు పొడుగునా కేకలేస్తూనే పరిగెత్తింది. ఊపిరి తీసుకోవడానికైనా ఎక్కడా ఆగలేదు. బస్సు ఆగింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నడిరోడ్డు మీద నిలబడిపోయాను.

"నిలబడ్డావేంటమ్మా, రా!" అని అటునుంచి మళ్ళీ అరిచింది.