రెండో వరుస వయొలిన్ మామ

వయొలిన్ మామ పోయిన రోజు నేను ఏడవలేదు. మా ఇంట్లో వాళ్ళు దాన్ని కూడా తప్పుగానే అర్థం చేసుకున్నారు.

మంగళవారం పొద్దున తిరుత్తణి స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉండగా ఆయన భార్య ఫోన్ చేసింది. ఆమెను నేను అత్త అంటాను. “పాపా, మామ పోయినాడు. కాఫీ తాగి లోటా కింద పెట్టినాడు, అంతే,” అంది. “వస్తా ఉండానత్తా,” అన్నాను. రైలు వచ్చింది, ఎక్కాను. కిటికీ పక్కన చోటు దొరికితే కూర్చున్నాను కూడా. అరక్కోణం దాటాక మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

“ఏమే, ఇంత నిదానంగా చెప్తా ఉండావు?” అంది అమ్మ. “దినామూ ఆ ప్రేమ పాటలు చెవిలో పెట్టుకోని కండ్లనీళ్ళు కారుస్తావు. నేర్పించిన మనిషి పోతే ఒక బొట్టు రాలేదా? అయితే ఆ నీళ్ళన్నీ ఎవురికోసమే?”

ఈ ప్రశ్న మా ఇంట్లో ఐదేళ్ళ నుంచి ఉంది. నేను ఒకే పాటను ఇరవైసార్లు వింటాను. కళ్ళు మూసుకుని వింటాను. అందుకని నాకు ఎవడో ఉన్నాడని మా వాళ్ళు తేల్చేశారు. మా అన్న రెండుసార్లు నా ఫోన్ వెతికాడు. మా పిన్ని ఒకరోజు తలకు నూనె రాస్తానని కూర్చోబెట్టి, “వాడెవుడో నాకు మాత్రం చెప్పు, నేను మీ నాయనకు నచ్చజెప్తాను,” అంది. “నేను వినేది సెకండ్ వయొలిన్ పిన్నీ,” అన్నాను. “అదేం పేరు? కిరస్తానీ పిల్లోడా?” అంది.

నిజంగానే నేను వినేది వయొలిన్లనే. ఆ పాటల్లో హీరో ఏమంటున్నాడో, హీరోయిన్ ఎందుకు అలిగిందో నాకు పట్టదు. చరణానికీ చరణానికీ మధ్య వచ్చే వాయిద్యాల ముక్కల్లోనూ, గొంతుల వెనకా, ఒక ముప్పై నలభై వయొలిన్లు కలిసి లేచి కలిసి వాలుతుంటాయి. వాటిలో రెండో వరుసలో, మూడో కుర్చీలో వయొలిన్ మామ ఉండేవాడు. పాతికేళ్ళకు పైగా ఉన్నాడు. ఏ క్యాసెట్టు అట్ట మీదా ఆయన పేరు లేదు.

ఆయనను కలిసింది రైలు వల్ల. తిరువళ్ళూరులో నా కాలేజీ మూడున్నరకు అయిపోయేది. తిరుత్తణికి వెళ్ళే బండికి ఇంకా గంటన్నర. స్టేషన్ దగ్గర సందులో నిలబడి ఒకరోజు ఫోన్లో మా అన్నతో తెలుగులో గట్టిగా పోట్లాడుతున్నాను. ఎదురింటి అరుగు మీద ఉన్న పెద్దాయన అంతా విని, నేను ఫోన్ పెట్టేశాక అడిగాడు.

“తెలుగోళ్ళా పాపా? యాడ?”

“తిరుత్తణి పక్కన.”

“ఎండలో నిలబడి తిట్టేదానికంటే లోపలికొచ్చి కూచోని తిట్టు. నీళ్ళిస్తాము.”

లోపల గోడకు వయొలిన్ వేలాడుతోంది. పక్కన చర్చి క్యాలెండరు. ఆయన ఆ చర్చిలో పాటలకు వాయిస్తూనే చిన్నప్పుడు నేర్చుకున్నాడట. నేర్పుతారా అని నేను అడిగింది సంగీతం మీద ప్రేమతో కాదు. గంటన్నర ఖాళీగా కూర్చోలేక. అది ఆయనకూ తెలుసు. “సరి, రైలు వచ్చేవరకూ నేర్చుకో,” అన్నాడు. కాలేజీ అయిపోయాక అదే ఊళ్ళో చిన్న ఆఫీసులో చేరాను. రైలు మారలేదు, పాఠమూ మారలేదు.

పాఠం మొదలవగానే ఆయన ఫ్యాను ఆపేసేవాడు. మే నెలలో కూడా. రికార్డింగ్ థియేటర్లో మైకు ముందు ఫ్యాను తిరగకూడదు. చేతికి వాచీ ఉండకూడదు. చెప్పులు బయటే. కుర్చీ కిర్రుమంటే కాళ్ళ కింద కాగితం మడిచి పెట్టాలి. పని ఆగిపోయి ఇరవై ఏళ్ళయినా ఆయన ఒంట్లో ఆ పద్ధతి పోలేదు. “ఈ మనిషితో కాపురం చేసేదానికి నేను ఉప్పుచేపై పుట్టుండాల,” అని అత్త కొంగుతో విసురుకుంటూ గడపలో కూర్చునేది. ఆ కొంగు చప్పుడు కూడా ఆపమన్నట్టు ఆయన చెయ్యెత్తేవాడు.

చెన్నైకి పొద్దున ఆరు గంటల లోకల్లో వెళ్ళేవాడట. థియేటర్లో ఇద్దరికి ఒక స్టాండు. పక్కవాడు వాయిస్తూంటే కాగితం తిప్పాల్సింది ఈయన. ఏ సినిమానో చెప్పరు. ఏ సందర్భమో చెప్పరు. కాగితం మీద స్వరాలు, పైన ఒక నంబరు, అంతే. అందుకని ఆ పాటలు ఆయనకు వేరే రకంగా గుర్తు. నేను ఫోన్లో ఒకటి పెడితే కాసేపు విని, “ఇదా, ఇది కరెంటు పోయిన రోజుది,” అనేవాడు. ఇంకోటి పెడితే, “మధ్యాహ్నం పులిసాదం పెట్టిన రోజు. తిని అందరికీ నిద్ర. విను, సెల్లోవాళ్ళు సాగదీస్తా ఉండారు.” దేశమంతా ప్రేమించుకున్న పాటను ఆయన పులిహోరతో గుర్తుపెట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చేది. ఆయనకు ఇందులో నవ్వేదేముందో అర్థమయ్యేది కాదు.

“పాడేవాళ్ళు ప్రేమించుకుంటారు పాపా. మేము తాళం లెక్కపెట్టుకుంటాము,” అన్నాడు ఒకసారి. ఇంకో మాట చాలాసార్లు అన్నాడు: “నలభై మందిలో నువ్వు వినబడితే నువ్వు తప్పు వాయించినట్టు.”

ఒకే ఒక్కసారి ఆయన ఒక్కడే వాయించాడు. ఆ సంగతి ఆ సందులో తెలియనివాళ్ళు లేరు. పెళ్ళయిన కొత్తలో, ఒక రికార్డింగుకు సోలో వాయించే పెద్దాయన రాలేదు. రెండో వరుసలోంచి ఈయన్ని లేపి నిలబెట్టారు. పాట మధ్యలో అన్ని వాయిద్యాలూ ఆగిపోతాయి. నాలుగు ఆవర్తాలు వయొలిన్ ఒక్కటే. ఆ పాట పెద్ద హిట్టయింది. ఘాట్ రోడ్డు మీద బస్సు, ముందు సీట్లో హీరోయిన్, రెండు సీట్ల వెనక హీరో. అప్పటి సినిమాలు చూసినవాళ్ళు బస్సు పాట అంటే చాలు, తలాడిస్తారు. ఆయన మాత్రం దాన్ని టీవీలో చూసింది చాలా ఏళ్ళ తర్వాత. “బస్సా? నేను వాన అనుకోని వాయిస్తినే,” అన్నాడట.

సందులో ఏ పెళ్ళి జరిగినా బస్సు పాట వేసేవాళ్ళు. ఆ నాలుగు ఆవర్తాలు రాగానే భోజనాల దగ్గర తలలన్నీ ఆయన వైపు తిరిగేవి. అత్త మొహం వెలిగిపోయేది. ఆయన తల వంచి విస్తట్లో అన్నం కలుపుకునేవాడు. ఎంత అణకువో అనుకునేవాళ్ళు. నేనూ అనుకున్నాను.

నేర్చుకోవడం మొదలుపెట్టిన మూడో ఏడు ఆ ముక్క నాకు నేర్పించమన్నాను. ఆయన వాయించి చూపించాడు. మూడో స్వరాన్ని ఆయన నేరుగా పట్టుకోడు. కింద నుంచి వేలిని నెమ్మదిగా జార్చుకుంటూ, కాస్త ఆలస్యంగా చేరతాడు. ఏది వాయించినా ఆయన వేలు అంతే, చర్చి పాటల్లో కూడా. ఇంటికి వెళ్ళి సినిమా పాట విన్నాను. అందులో ఆ స్వరం నేరుగా, శుభ్రంగా, మేకు కొట్టినట్టు పడుతుంది. ఇరవైసార్లు విన్నది అప్పుడే. కళ్ళల్లో నీళ్ళు వచ్చింది కూడా అప్పుడే. మా పిన్ని నూనె గిన్నెతో కూర్చున్నది ఆ వారమే.

తర్వాతి పాఠంలో అడిగాను. అత్త వంటింట్లో మిక్సీలో దోసెల పిండి వేస్తోంది.

“మామా, పాటలో ఉండేది మీరు కాదు కదా.”

ఆయన కమాను వెంట్రుకలకు రోజిన్ బంక రుద్దుతున్నాడు. చెయ్యి ఆగలేదు.

“కనిపెట్టి ఎన్నాళ్ళయింది?”

“నాలుగు దినాలు.”

“నాకు ముప్పై ఏండ్లు దాటె.”

మిక్సీ ఆగింది. ఆయనా ఆగాడు. షడ్జం ఒక్కటి పొడుగ్గా వాయించాడు. మిక్సీ మళ్ళీ మొదలయ్యాకే మాట్లాడాడు.

“మర్నాడు ఆ పెద్దాయన వచ్చినాడు. ఆ ముక్క మాత్రం మళ్ళీ తీసినారు. వాళ్ళ తప్పేం లేదు, ఆయన వాయించేది మేలు. నాకు ఎవురూ చెప్పలా. టీకొట్లో పాట విన్న్యాను, మూడో స్వరం దగ్గర తెలిసిపోయె. ఇంటికొస్తే మీ అత్త కిటికీలన్నీ తెరిచి టేప్‌రికార్డరు పెద్దగా పెట్టి ఉండాది. సందంతా వాకిట్లో ఉండారు. ‘మా ఆయనే, మా ఆయనే’ అంటా ఉండాది. ఆ మొగం చూసినాక ఏం చెప్పేది?”

మిక్సీ ఆగింది. షడ్జం. మిక్సీ.

“ఆ పొద్దే చెప్పుంటే ఒక దినం బాధ. రేపు చెప్దాము, రేపు చెప్దాము అని పిల్లోళ్ళ పెండ్లిండ్లు కూడా అయిపాయె. నువ్వు చెప్పొద్దు పాపా.”

“చెప్పను,” అన్నాను.

“సుమ్మా అనొద్దు. నిజంగా అను.”

“నిజంగా చెప్పను మామా.”

పిండి గిన్నెతో అత్త బయటికి వచ్చింది. “ఏంది ఇద్దురూ దొంగల మాదిరి మొగాలు పెట్టినారు?” అంది. “నా శిష్యురాలికి శ్రుతి నిలబడలేదు,” అన్నాడు ఆయన. ఆ రోజు నాకు శ్రుతి బాగానే నిలబడింది.

మంగళవారం నేను వెళ్ళేసరికి ఆయనను ముందు గదిలో పడుకోబెట్టారు. ఎవరో ఐసు పెట్టె తెచ్చారు. ఎవరో నా చేతికి టీ ఇచ్చారు, తాగాను. సాయంత్రం సమాధి తోటకు వెళ్ళి, పిడికెడు మట్టి వేసి, మామూలు బండికే ఇల్లు చేరాను. బుధవారం ఆఫీసుకు వెళ్ళాను. ఏమీ అనిపించలేదు. ఇప్పుడు కూడా ఇది రాస్తుంటే ఏదో ఫారం నింపుతున్నట్టే ఉంది. అది రాతిగుండె అని మా అమ్మ అంటుంది. కావచ్చు, నాకు తెలియదు.

శుక్రవారం అత్త పిలిచింది. వచ్చే ఆదివారం ఇంటి ముందు పందిరి వేసి జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నారు. పాస్టరయ్యగారు అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నారు.

“పాపా, నీ ఫోన్లో ఆ బస్సు పాట పెద్ద స్పీకరులో వేసేదానికి అవుతుందా?” అంది అత్త. “అందురూ ఒకతూరి ఆయన చెయ్యి వినాల.”

“సినిమా పాటమ్మా,” అన్నారు అయ్యగారు ఇబ్బందిగా. “ప్రార్థన అయినాక, భోజనాలకు ముందు వేసుకోండి. ప్రార్థనలో అయితే నేను ఒప్పుకోలేను.”

“మీ పెండ్లిలో వేసినారు కదా అయ్యగారూ.”

“అది పెండ్లి.”

“ఆ ముక్క వరకే,” అంది అత్త నాతో. “మిగతాదంతా వద్దు. మా ఆయన చెయ్యి వరకే.”

“సరేనత్తా,” అన్నాను.

ఆ రోజు రైల్లో, కడంబత్తూరు దాటాక, ఫోన్లో పాత పాఠాలు తెరిచాను. నా తప్పులు నాకే వినబడాలని ఆయనే రికార్డు చేయించేవాడు. వాటిలో ఒకదాంట్లో, నేను నాలుగుసార్లు పాడు చేశాక, ఆయన వయొలిన్ తీసుకుని ఆ నాలుగు ఆవర్తాలు వాయించాడు. వెనక ఎవరింట్లోనో కుక్కరు విజిలు వేస్తోంది. మూడో స్వరం దగ్గర వేలు జారుతూ, ఆలస్యంగా చేరుతుంది. అరనిమిషం కూడా లేదు. భూమ్మీద ఆయన ఒక్కడే వినబడేది అంతే.

మంగళవారం సంగతి ఒకటి చెప్పలేదు. ఆయనకు స్నానం చేయించినవాళ్ళు మొహానికి పౌడరు రాశారు. ఎడమ దవడ కింద, వయొలిన్ ఆనించీ ఆనించీ కాయకట్టిన నల్లటి మచ్చ ఉండేది. దాని మీద ఇంకాస్త ఎక్కువ రాశారు, బాగుండదని. అత్త వచ్చి చూసింది. కొంగు కొన తడుపుకుని, ఐసు పెట్టె మూత ఎత్తించి, వంగి, ఆ పౌడరు తుడిచింది. మచ్చ పూర్తిగా బయటపడేదాకా నెమ్మదిగా తుడిచింది. “ఇది లేకుంటే ఎవురో మనిషి మాదిరి ఉండాడు,” అంది మూత పట్టుకున్నవాళ్ళతో.

ఇది అచ్చయి మీ చేతికి వచ్చేసరికి ఆ ఆదివారం అయిపోయి ఉంటుంది. ఆ రోజు నేను బస్సు పాట వేయను. నా ఫోన్లో ఉన్న పాఠం ముక్క వేస్తాను. అంతకు ముందే, శనివారం సాయంత్రం వెళ్ళి, సినిమాలో ఉన్నది మామ చెయ్యి కాదని అత్తకు చెబుతాను. మామకు ఇచ్చిన మాట తప్పుతున్నాను.