అమ్మ చీటీలో దమ్ము

మా హౌసింగ్ బోర్డు బ్లాకు కింద ఒక ఆచారి తలుపులూ కిటికీలూ చేసే కొట్టు పెట్టినాడు. పొద్దున్నే మిషను రంపం తిరిగితే చాలు, టేకు పొట్టు వాసన మెట్లెక్కి మూడో అంతస్తులో మా వాకిలి దాకా వస్తుంది. పక్కిళ్ళవాళ్ళు దుమ్ము దుమ్మని తలుపులేసుకుంటారు. నాకు మాత్రం ఆ వాసనకు ఆకలేస్తుంది, చిన్నప్పుడు మా ఇంట్లో ఇడ్లీ ఉడికేటప్పుడు వచ్చే వాసన అదే గదా. నాకు అక్షరాలు పెద్దగా రావు, తమిళ బళ్ళో నాలుగో క్లాసుతో నిలిచిపోయినదాన్ని. గొంతు కూడా పొగకు ఎప్పుడో బొంగురుపోయింది. నేను చెప్తా ఉంటే నా కూతురు రాస్తా ఉంది. మా అమ్మ సంగతి ఒకటి కాయితం మీద ఉండాలని నాకు చానాళ్ళ ఆశ.

అప్పుడు మేము వ్యాసర్పాడిలో, రైల్వే యార్డు గోడకు ఆనుకున్న వీధిలో ఉండినాము. నెల్లూరు పక్కనుంచి ఎప్పుడో తాతల కాలంలో వచ్చినోళ్ళం, ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. నాయనకు యార్డులో మూటలు దించే పని. గోడ అవతల డీజిల్ ఇంజన్లు నిలబడి గురగురమంటా నల్లపొగ కక్కేవి, ఎన్నూరు కరెంటు ఫ్యాక్టరీకి బొగ్గు వ్యాగన్లు పోయినప్పుడల్లా ఆరేసిన తెల్లగుడ్డల మీద నల్లపొడి రాలేది, ఆ పొడినే వేలితో రాసుకుని మేము మీసాలు దిద్దుకుని పోలీసు ఆట ఆడేవాళ్ళం. తొక్కుడుబిళ్ళకు గీతలు గీసేది కూడా వ్యాగన్ లోంచి రాలిన బొగ్గుముక్కతోనే. ముక్కు చీదితే ఎవరికి ఎక్కువ నల్లగా వస్తుందని పందెం కట్టేవాళ్ళం, చానాసార్లు నేనే గెలిచేదాన్ని. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, అమ్మవారి గుడి ముందర అండాల్లో కాచే రాగి కూళు అనే అంబలి, దాంట్లోకి నంజుకోను ఎండుచేప, చవితికి ఆవిరి మీద కుడుముల్లో కరిగే బెల్లం, దీపావళికి వీధంతా మతాబుల గంధకం, వానలు పట్టుకుంటే తడికట్టెలు అంటుకోక ఇంటింటి నుంచీ ఒక్కో రాగంలో దగ్గు. నాయన దగ్గేది బీడీ దగ్గు, పొడుగ్గా ఉండేది. అమ్మది పొయ్యి దగ్గు, పొట్టిగా, పని ఆపకుండా దగ్గే దగ్గు. మాకు కళ్ళు మూసుకుని వినినా తేడా తెలిసేది.

అమ్మ పొద్దున్నే వాకిట్లో ఇడ్లీలు వేసి అమ్మేది. పొయ్యి అంటే ఒక పాత నూనె డబ్బా, అడుగున పక్కగా ఒక బొక్క. డబ్బా నడిమధ్య సీసా నిలబెట్టి, చుట్టూ రంపప్పొట్టు పోసి, గుప్పిటితో గుద్ది గుద్ది గట్టిగా కూరి, ఆపైన సీసాను తిప్పుతా తిప్పుతా ఊపిరి బిగబట్టి పైకి లాగితే, మధ్యలో చిన్న బావి మాదిరి గుంత నిలిచేది. బొక్కలో పుల్ల అంటిస్తే ఆ పొట్టు మూడు గంటలు నిదానంగా కాలేది. కూరడం చాతకాకపోతే పొట్టంతా కూలి, మంట ఆరి, వీధంతా పచ్చపొగ. మా అమ్మ కూరిన పొయ్యి ఒక్కనాడూ కూలలేదు. పొగలో ఆమె మొహం కనపడేది కాదు, చెయ్యి ఒకటి బయటికి వచ్చి ఇడ్లీ పెట్టి లోపలికి పొయ్యేది. "దమ్ముండే మనిషి" అని మా తాత అందరితో చెప్పేవాడు. మా ఇంట్లో దమ్ము అంటే ఊపిరి, దమ్ము అంటే ధైర్యం. వీధిచివర మొగవాళ్ళు బీడీ పీల్చడాన్ని కూడా దమ్ము అంటారు గానీ, ఆడోళ్ళని ఆ మాట అడిగే మనిషి మాకు ఎదురుపడలేదు.

వాకిట్లో బేరం కాకుండా, సౌకార్‌పేటలో ఒక తెలుగు సెట్టిగారి మిరపకాయల హోల్‌సేల్ కొట్టుకు అమ్మ రోజూ ఒక పెద్ద గిన్నె ఇడ్లీలు మోసుకుపొయ్యేది, ఆడ మూటలు మోసే కూలీలకు అదే టిఫిను. సెలవు రోజుల్లో నేనూ చట్నీ తూక్కుగిన్నె పట్టుకుని వెనకాల పొయ్యేదాన్ని. ఆ సందుల్లో మిరప ఘాటుకు ఊరంతా తుమ్ముతా ఉంటే మా అమ్మ మాత్రం తుమ్మకుండా తలెత్తుకుని నడిచేది. సౌకార్‌పేట కొట్టుకు ఇడ్లీ వేసే ఆమె అంటే మా వీధిలో ఒక లెక్క. ఆ లెక్కే ఆమెకు కమ్మలు, ముక్కుపుడక, అన్నీ.

నాకు తొమ్మిదో పదో ఏడు. భోగి పొద్దున పిల్లకాయలం చిన్న డప్పులు కొట్టుకుంటా పాతచాపలతో పాటు సైకిల్ టైర్లు, ఒక లారీ టైరు కూడా తగలబెట్టినాము. ఎదురింటి గోడ కనపడనంత పొగ. ఆ పొగలోనే అమ్మ పొయ్యి ముందర కూర్చోనుండింది. రెండో వాయి దించుతా ఉన్నట్టుండి గిన్నె మూత కింద పెట్టేసి, రెండు చేతులూ నేల మీద ఆనించి వంగిపోయింది. ఎద కొలిమితిత్తి మాదిరి ఎగిసిపడతా ఉంది, మాట లేదు. నాయన రిక్షాలో వేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయినాడు, నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

ఆడ సూదేసి, గాలి పెట్టి, కాస్త నెమ్మదించినాక ఒక కుర్ర డాక్టరు ముందర కూర్చోబెట్టినారు. వెనకాల పెద్ద వరస. ఏం పని చేస్తావని అడిగితే ఇడ్లీలు వేస్తానని అమ్మ చెప్పింది. ఆయన తలెత్తకుండా రాసుకుంటానే అరవంలో అడిగినాడు, "దమ్ము ఉండా?"

అమ్మ ఆ ఆయాసంలోనే నడుము నిలబెట్టుకుంది. "ఉంది సార్, నిండా ఉంది."

"రోజుకి ఎన్ని?"

ఇడ్లీల సంగతే నడస్తా ఉందని ఆమె అనుకుంది. ఎన్ని వాయిలో చెప్పింది. "పది సార్. పండగయితే పదైదు."

"ఎన్నేళ్ళుగా?"

"పెళ్ళయి వచ్చిన మర్నాటి నుంచి."

ఇంక మానెయ్యాల అన్నాడు డాక్టరు. "మానేస్తే ఇంట్లో కూడెట్టా సార్?" అన్నది అమ్మ. అప్పుడు మొదటిసారి తలెత్తి ఆమెను చూసినాడాయన. మందులు రాసి చీటీ ఇచ్చినాడు. నాయన బయట బీడీ తాగతా నిలబడి ఉండినాడు గాబట్టి ఈ మాటలు వినినదాన్ని నేనొక్కదాన్నే, నాకూ ఏమీ అనుమానం రాలేదు.

మూడోనాడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని, ఇడ్లీలు తీసుకుని సెట్టిగారి కొట్టుకు పోయింది. రెండు దినాలు ఎందుకు రాలేదంటే ఆస్పత్రి చీటీ చూపించింది, అబద్ధం కాదని. చీటీ ఇంగ్లీషులో ఉంది. గుమాస్తా అందుకుని కొట్టంతా వినపడేటట్టు చదివినాడు: ఈమె బీడీ తాగుతుంది, రోజుకు పది పదైదు, చానా ఏళ్ళుగా. తక్కెడ దగ్గరున్న కూలీ ఒకడు, "ఏమక్కా, నాకొకటి ఇస్తివి కాదే ఇన్నాళ్ళూ" అన్నాడు. అందరూ నవ్వినారు. సెట్టిగారు నవ్వలేదు. బీడీ తాగే చేతి ఇడ్లీ మా కొట్టులోకి వద్దు తల్లీ, మా ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరు, ఏమీ అనుకోవద్దన్నాడు. అమ్మ నిండుగిన్నె అట్టే నెత్తిన పెట్టుకుని వెనక్కి వచ్చింది. దారిలో బేసిన్ బ్రిడ్జి దాటేదాకా ఆమె ఊపిరి చప్పుడే వింటా నడిచినాను.

ఇంటికొచ్చి చెప్తే నాయనకు మొదట నవ్వొచ్చింది. "నా బీడీలు నీ పేరున రాసేసినారా మే" అన్నాడు. అమ్మ మొహం చూసి నవ్వు ఆపేసి, నేనొచ్చి డాక్టరుతో చెప్తాలే, తాగేది నేనేనని, అన్నాడు. అమ్మ వద్దన్నది.

"నీ బీడీ నీది, నా పొగ నాది. నాది నేనే చెప్పుకుంటా."

మర్నాడు నన్ను తీసుకుని ఆస్పత్రికి పోయింది. వరసలో నిలబడి అదే డాక్టరు దగ్గరికి చేరి చీటీ బల్ల మీద పెట్టింది. నేను బీడీ తాగను, కొట్టెయ్యి సార్ అన్నది. ఆయన నమ్మలేదు. నువ్వే గదమ్మా దమ్ము ఉందని చెప్పినావు, నీ కోకంతా పొగ వాసనేనన్నాడు. అప్పుడు తెలిసింది మా ఇద్దరికీ, ఆయన అడిగింది ఏ దమ్మో. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అమ్మ నవ్వలేదు. ఆయనకు పొయ్యి గురించి చెప్పడం మొదలుపెట్టింది. డబ్బా, బొక్క, సీసా, పొట్టు కూరడం, ఊదడం, ఎన్ని గంటలు ఆ పొగలో మొహం పెట్టి కూర్చునేది, గాలిలో చేతులతో పొయ్యి కట్టి చూపించింది. వెనకున్న వరస గొణుగతా ఉంది. ఏదయితే ఏమమ్మా, రెండింటికీ మాత్రలు అవేనన్నాడు డాక్టరు.

"మాత్రలు ఒకటే కావచ్చు సార్. మనిషి ఒకటి కాదు."

కొట్టేసేదాకా నేను లెయ్యనని బల్ల పట్టుకుని కూర్చుంది. డాక్టరు కలం తీసి చీటీలో బీడీ అని రాసిన వరస కొట్టేసినాడు. కింద ఇంకో వరస రాసి, ఏం రాసినానో చదివి వినిపించినాడు కూడా: బీడీ లేదు, రంపప్పొట్టు పొయ్యి పొగ, వాకిట్లో వంట. ఆపైన, ఈ పొగ పదేళ్ళు తాగితే బీడీ తాగినోళ్ళ మాదిరే ఊపిరితిత్తులు పోతాయమ్మా, పోయినవి మళ్ళీ రావు, పొయ్యి మార్చమని మెల్లిగా చెప్పినాడు. ఆ మాట అమ్మ విన్నది. ఆ ఉగాదికే కిరసనాయిలు పంపుస్టవ్వు వచ్చింది మా ఇంటికి, ఓళిగలు దాని మీదే కాల్చింది.

ఆస్పత్రి నుంచి నేరుగా సౌకార్‌పేటకే నడిచినాము. గుమాస్తా చేతికి చీటీ ఇచ్చి, మొన్న ఎంత గట్టిగా చదివినావో అంతే గట్టిగా చదువన్నది. ఆయన నీళ్ళు నమిలి, గొంతు తగ్గించి మొదలుపెట్టినాడు. వినపళ్ళేదన్నది అమ్మ. మళ్ళీ మొదటి నుంచి చదివించింది. తక్కెడ దగ్గరి కూలీ తల వంచుకుని మూట కుట్టుకుంటా ఉండినాడు. సెట్టిగారు లేచి నిలబడి, పొరపాటయింది తల్లీ, రేపటి నుంచి తీసుకురా అన్నాడు. అమ్మ చీటీ మడిచి రొండిన దోపుకుంది. "రేపు కాదు, ఎల్లుండి" అన్నది. ఆ ఒక్క దినం కొట్టంతా బన్నురొట్టె తిన్నారంట. నాకు అంత గొప్ప అనిపించిన దినం ఇంకోటి లేదు.

ఇప్పుడు ఆ యార్డు గోడ పక్కన మా వీధి లేదు, ఇళ్ళు కొట్టేసి మమ్మల్ని ఈ బ్లాకులకు మార్చినారు. రంపప్పొట్టు కూరడం తెలిసిన చెయ్యి ఈ బ్లాకులో ఒక్కటీ లేదు. సెట్టిగారి కొట్టులో ప్లాస్టిక్ బకెట్లు అమ్ముతా ఉన్నారు. నా మొగుడు ఎన్నూరులో బూడిద లారీలు నింపేవాడు, దాని మీద బీడీ కూడా, నలభై దాటినాక పది మెట్లు ఎక్కలేకపోయినాడు. ఆయన పోయినప్పుడు ఇచ్చిన కాయితంలో బీడీ మాట ఉండింది, న్యాయంగానే ఉండింది, కొట్టెయ్యమని నేను అడగలేదు.

అమ్మ ఆయనకంటే ముందే పోయింది. పొయ్యి మార్చినాక కూడా చానా ఏళ్ళు బతికింది గానీ, అప్పటికే పోయినంత ఊపిరి మళ్ళీ రాలేదు, కడాకు కూర్చునే నిద్రపొయ్యేది. ఆస్పత్రిలో కాయితం నా ముందర పెట్టి సంతకం చెయ్యమన్నారు. ఇందులో ఏముందో చదవమని ఆడున్న నర్సమ్మను అడిగినాను. ఊపిరితిత్తుల జబ్బు, చానాళ్ళుగా, అన్నది. బీడీ అని యాడన్నా ఉందా అన్నాను. లేదన్నది. ఇంకోసారి చూడమ్మా అన్నాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసి, వేలు పెట్టి ఒక్కో వరసా చదివి, లేదక్కా, యాడా లేదన్నది. అప్పుడు పెట్టినాను సంతకం.