ఆటలో వినిపించని నానమ్మ

మా అక్క గొంతు పిల్లలు ఫోన్లో ఆడుకునే ఒక ఆటలో ఉంది. ఉందంటే ఉంది, అంతే. ఆ ఆటను రోజంతా ఆడినా అది వినపడదు, దాని దాకా పోయే దారి లేదు. అలా వినపడకుండా చేసింది నేనే. ఈ ముక్క అక్కకు చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

మెదక్‌లో, బస్టాండుకు నాలుగు గల్లీల అవతల, ఒక కిరాయి ఇంటి మేడ మీద గదిలో కూర్చుని నేను హైదరాబాద్ కంపెనీ ఒకదానికి తెలుగు రాసిపెడుతుంటాను. యాప్‌లు, వాషింగ్ మెషిన్ల కాగితాలు, పిల్లల ఆటలు, ఏదొస్తే అది. ‘ఇక్కడ నొక్కండి’, ‘మళ్లీ ప్రయత్నించండి’ అని ఎన్నిసార్లు రాసి ఉంటానో ఆ దేవుడికే తెలియాలి. ఇది మా వాళ్ల కంటికి పనిలా ఆనదు. “ఇంట్లనే ఉంటది గద” అంటారు. ఇంట్లోనే ఉంటాను కాబట్టి గ్యాస్ బండ వచ్చినా నేనే దిగాలి, మోటరు వేయాలన్నా నేనే, పక్కింటి వాళ్ల కొరియర్ వచ్చినా నేనే. సాయంత్రానికి ఎవరైనా “తిన్నవా?” అని అడిగితే చాలు, ఏడుపొస్తుంది నాకు.

అక్క నాకంటే పదేళ్లు పెద్ద. రామాయంపేట పోయే దారిలో ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. పొద్దున బస్సెక్కి పోయి మధ్యాహ్నం దాటాక వస్తుంది. ఆమె గొంతు ఎలా ఉండేదో చెప్పమంటే, మాటలు రాసి బతికేదాన్ని, నాకే మాటలు చాలవు. గట్టి గొంతే, కానీ ఎక్కడా గీసుకునేది కాదు. ఏడుస్తున్న పిల్లలు ఆ గొంతు వినగానే మధ్యలో ఆగి, దేనికి ఏడుస్తున్నారో మర్చిపోయేవాళ్లు.

టీవీలో ఒక కార్టూన్ వస్తుంది. వంటింట్లో కాపురముండే ఎలుకలు, అందులో ఒక చిట్టెలుక, దాని నానమ్మ. ఆ కార్టూన్‌ను ఆటగా చేశారు. చిట్టెలుక ఇల్లంతా పరుగెత్తి గింజలు తెచ్చి నానమ్మ కుండలో వేయాలి, కుండ ఖాళీ అయితే ఆట ముగిసినట్టు. తెలుగు మాటలు నన్ను రాయమన్నారు. రాశాను. నానమ్మ గొంతుకు మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగితే “మా అక్క” అన్నాను. ఆ సంవత్సరం నేను ఆలోచించకుండా చేసిన మంచి పని అదొక్కటే.

బట్టల బీరువా తలుపులు తీసి, లోపల బొంతలు వేలాడదీసి, వాటి ముందు ఫోను పెట్టి రికార్డు చేశాం. ఎండాకాలం. చప్పుడొస్తుందని ఫ్యాను ఆపాను. కింద ఇంటావిడ కుక్కరు కూసినప్పుడల్లా ఆగి, మళ్లీ మొదలుపెట్టడం. ఇద్దరం చెమటతో తడిసి ముద్దయ్యాం, అయినా అక్క ఎంత నవ్విందో చెప్పలేను. ఎలుకలా మాట్లాడమంటారని రాత్రంతా భయపడిందట.

అన్నీ బాగానే చెప్పింది కానీ ఒక్కచోట ఆగింది. నా కాగితం మీద ‘బియ్యం అయిపోయాయి! నువ్వు ఓడిపోయావు!’ అని ఉంది.

“గిదేం మాటనే?” అంది.

“ఏమైందక్కా?”

“ఇంట్ల బియ్యం అయిపోయినయని నోటితోని ఎవరన్న అంటరా? అందుట్ల పిలగాండ్లు ఇంటరు.”

“ఆటనే గదక్కా. ఎలుక అంటది, నువ్వు గాదు.”

“ఎలుకైతేంది? నానమ్మ నానమ్మనే గద!” అని నన్ను కసిరి, కాగితం పక్కన పెట్టి, ఫోను వైపు వంగి తనకు తోచినట్టు చెప్పింది: “బియ్యం నిండుకున్నయి బిడ్డా. ఏం గాదు, మల్ల తెద్దువు తియ్యి.”

నిజం చెప్తున్నా, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా చిన్నప్పుడు అమ్మ బియ్యం డబ్బా అడుగు తట్టి చూసి “నిండుకున్నయి” అనే అనేది. లేదు, అయిపోయింది అనే మాటలు ఆ వంటింట్లో వినలేదు మేము. ‘తథాస్తు’ అనే దేవతలు తిరుగుతుంటారని ఆమె భయం. నేను రాసిన దానికంటే అక్క చెప్పిందే సరైనదని అక్కడే అనిపించింది. అదే పంపించాను.

రెండు నెలలకు అక్క మెడ మీద గడ్డ కనపడింది. హైదరాబాద్ పెద్ద దవాఖానలో ఆపరేషన్ అన్నారు. ప్రాణానికి భయం లేదు, గొంతు మాత్రం మారిపోవచ్చు అని డాక్టరు ముందుగానే మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. అక్క తలూపింది. నేనూ తలూపాను.

ఆ వారంలోనే కంపెనీ నుంచి తప్పుల జాబితా వచ్చింది. దవాఖాన వరండాలో బెంచీ మీద, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని చూస్తున్నాను. రెండు వందలకు పైగా ఉన్నాయి. మధ్యలో ఎక్కడో ఇది తగిలింది: ‘నానమ్మ కుండ నిండింది అంటోంది. తెర మీద కుండ ఖాళీగా ఉంది. గొంతు తప్పు.’ రాసింది తెలుగువాడే, పాపం, వాడి ఇంట్లో బియ్యం ఎప్పుడూ ఆన్‌లైన్‌లో వచ్చి ఉంటాయి. పక్కన రెండు గడులు. ఒకటి ‘ఒప్పుకుంటున్నాను’. రెండోది నొక్కితే వివరణ రాయాలి, అదీ ఇంగ్లీషులో. ఖాళీ అయినదాన్ని నిండిందని ఎందుకంటారమ్మా అంటే ఏం రాయను? రాస్తే ఊరుకుంటారా, ఫోన్ చేస్తారు. అంతకు ముందు ‘పోయొస్తా’ అనే మాటకు, పోయేవాడు రావడమేంటని అరగంట నా ప్రాణం తీశారు. కాళ్లు లాగుతున్నాయి. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

మొదటి గడి నొక్కాను.

ఒక్క మాటే కదా పోతే, అనుకున్నాను. వాళ్లేమో ఒక్క మాట కోసం గొంతు మారిస్తే బాగుండదని నానమ్మ మాటలన్నీ తీసేసి, పట్నంలో ఇంకొకామెతో మొత్తం చెప్పించారు. ఆ సంగతి నాకు ఆట వచ్చాకే తెలిసింది. నా ఫోన్లో ఉన్న అక్క రికార్డులను అప్పటికే తుడిచేసి ఉన్నాను. జాగా లేదని ఫోను రోజూ గోల పెడుతుంటే, ఆటలో ఉంటాయిగా ఎక్కడికి పోతాయి అనుకున్నాను. కంపెనీ వాళ్లను అడిగితే ఆ పని ముగిసింది, మా దగ్గర లేవు అన్నారు.

ఆపరేషన్ మంచిగా అయింది. గడ్డ పోయింది, గొంతూ పోయింది. పూర్తిగా కాదు, మాటకంటే గాలి ఎక్కువ వస్తుంది. చెప్పింది ఎదుటివాళ్లకు అర్థం కాక రెండోసారి చెప్పాల్సి వస్తే మెడ నరాలు ఉబ్బుతాయి, కళ్లు ఎర్రబడతాయి. అంగన్‌వాడీలో కథలు ఇప్పుడు సాయానికుండే ఆయమ్మ చెప్తుంది. అక్క రిజిస్టరు రాస్తుంది, గుడ్లు పంచుతుంది. ఇంటికొచ్చిన కొత్తలో ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, “ఆట వచ్చినంక ఇన్పియ్యే. నా గొంతు నేను ఒక్కసారి ఇనాలె,” అంది.

ఆట వచ్చింది. అక్క ఇంటి ముందు గల్లీ పిల్లలంతా పోగయ్యారు. ఫోన్లో చిట్టెలుక గెంతింది. కుండ ఖాళీ అయింది. ఎవరో ఆమె హుషారుగా ‘బియ్యం అయిపోయాయి! నువ్వు ఓడిపోయావు!’ అని అరిచింది. అక్క నా మొహంలోకి చూసింది.

“గిది నా గొంతు గాదే.”

ఆ అబద్ధం ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకిప్పటికీ తెలియదు. “అప్డేట్ల వస్తదక్కా,” అన్నాను.

నమ్మింది. నా ఖర్మ, నమ్మింది. నెలకోసారి ఆ ఆటను అప్డేట్ చేసుకునేది. గల్లీ మొత్తంతో చేయించేది. పాలామె కూడా చేసుకుందంటే చూడండి. “టీచరమ్మా, మీ ఎలుక ఇంకా నోరు తెర్వలేదా?” అని ఎదురింటావిడ ఎగతాళి చేస్తే, అక్క నవ్వి, “మా చెల్లె చెప్పింది, వస్తది,” అనేది ఆ గాలి గొంతుతో. నేను అక్కడే ఉండి పల్లీలు ఒలుస్తూ ఉండేదాన్ని. ఇవాళ చెప్పాలి, రేపు చెప్పాలి అనుకుంటూనే ఏడాది గడిచింది. సిగ్గు కంటే బద్ధకమే ఎక్కువ అనిపిస్తుంది తలుచుకుంటే. చెప్పాక వచ్చే గొడవను మోసే ఓపిక లేదు.

మొన్నీమధ్య కొత్త పని కోసం నా పాత పనుల పేర్లు వెతుకుతుంటే ఇంటర్నెట్‌లో ఒక పేజీ కంటపడింది. ఆటలను విప్పి, లోపల వాడకుండా వదిలేసినవి బయటకు తీసి చూపించే సరదా మనుషులుంటారట. ఏ దేశంవాడో మా ఎలుకల ఆటను కూడా విప్పాడు. ఎవరికీ కనపడని రెండో వంటిల్లు ఉంది అందులో. గొడుగు పట్టుకున్న పిల్లి ఉంది. బూడిద రంగు నేల మీద చిట్టెలుక ఒక్కటే నిలబడి ఉన్న గది ఉంది, తయారుచేసేటప్పుడు పరీక్షలకు వాడుకున్నదట. తీసేస్తే ఇంకేదో పాడవుతుందని భయపడి, ఎవరికీ కనపడకుండా దారి మూసేసి ఊరుకుంటారని రాశాడు. అంతా నాలాంటి వాళ్లే, అనుకున్నాను. పేజీ చివర ‘పాత నానమ్మ’ అని ఒక వరుస. నలభైకి పైగా రికార్డులు. కింద అతను, ‘ఏ భాషో తెలియదు, ఏమంటోందో తెలియదు, కానీ చాలాసార్లు విన్నాను’ అని రాసుకున్నాడు.

నేను మొదటిది నొక్కాను. అక్క. బీరువా ముందు కూర్చున్న అక్క. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున బస్సుకు పోయేముందు రమ్మని అక్కను పిలిచాను. కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కొక్కటే వినిపించాను. అక్క కదలలేదు. అన్ని మాటలూ విన్నది. నిండుకున్నయి బిడ్డా అన్నదాన్ని మూడుసార్లు పెట్టించుకుంది. పెదవులు మాత్రం ఆ మాటలతో పాటు కదులుతున్నాయి, శబ్దం రావడం లేదు.

“ఎంత మంచిగుండేనే నా గొంతు,” అంది చివరికి. ఆ తర్వాత అడగనే అడిగింది. “గింత మంచిగుంటె ఎందుకు తీసేసిండ్రు?”

కంపెనీ మీదికి నెట్టేయొచ్చు. వాళ్లకు తెలుగు రాదక్కా, అంటే చాలు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ గొంతు విన్నాక ఇంకో అబద్ధం ఆడే శక్తి నాకు లేకపోయింది. గడి సంగతి, దవాఖాన బెంచీ సంగతి, అన్నీ చెప్పాను.

“నిండుకునుడంటె ఏందో నీకు తెల్వదా?”

“తెలుసు.”

“మరి చెప్పొద్దా వాళ్లకు?”

“యాష్టకొచ్చిందక్కా. మస్తు అలిసిపోయిన ఆ దినం.”

అక్క అరవలేదు. అరవడానికి గొంతు లేదు కదా. కాసేపు ఊపిరి కూడగట్టుకుని, “డాక్టరు ముందుగాల చెప్పిండు, గొంతు పోతదని. ఆయన మీద నాకేం లేదు. నువ్వు ఏడాది సంది వస్తది వస్తది అంటివి,” అంది. తర్వాత తన ఫోను నా చేతిలో పెట్టింది. రికార్డులన్నీ అందులో ఎక్కించి ఇచ్చాను. తీసుకుని లేచింది. ఆ రోజు సాయంత్రం ఎప్పట్లాగే నాకు చిక్కుడుకాయ కూర పంపించింది. నాతో మాట్లాడడం మానలేదు. నేనూ, గండం గడిచింది అనుకున్నాను.

పోయిన వారం నాకూ అటువైపు పని ఉండి ఇద్దరం కలిసి బస్టాండుకు పోయాం. జనం, హారన్ల మోత. బస్సు ఎన్నింటికి అని అక్క అడిగితే, అప్పుడే లోపలికి పోయి కనుక్కుని వచ్చాను కాబట్టి, “తొమ్మిదింపావుకక్కా,” అన్నాను. అక్క తలూపింది. కాసేపాగి, బెంచీ మీద పక్కన కూర్చున్న ఆమె వైపు తిరిగి, “రామాయంపేట బస్సు ఎన్ని గంటలకమ్మా?” అని అడిగింది. ఆ హారన్లలో ఆమెకు ఏమీ వినపడలేదు. “ఏందమ్మా, మల్ల చెప్పుండ్రి,” అంది. నేను పక్కనే ఉన్నాను. అక్క నా వైపు చూడలేదు. మెడ నరాలు ఉబ్బగా, కళ్లు ఎర్రబడగా, బలమంతా కూడగట్టుకుని అదే ప్రశ్న ఆమెను రెండోసారి అడిగింది.