హర్రాజులో మిగిలిన కందుల మూట

మొన్న ఆదివారం మధ్యాహ్నం, భోజనం చేసి కాసేపు నడుం వాల్చుదామనుకుంటుండగా, తాండూరు నుంచి మా పాత సంఘం యువకులు నలుగురు వికారాబాద్‌లో మేముంటున్న ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, మందపాటి రంగుల కార్డొకటి నా చేతిలో పెట్టారు. చర్చికి వజ్రోత్సవమట. కార్డు లోపల సంఘం ఇన్నేళ్లలో చేసిన ఘనకార్యాలన్నీ వరుసగా అచ్చు వేశారు, బోరు వేయించిన సంగతీ, గంట కొన్న సంగతీ, వాటి మధ్యలో, ఉరికంబం ఎక్కవలసిన ఒక సహోదరుణ్ని మన సంఘం తన ప్రార్థనతో, కృషితో కాపాడుకుందని కూడా రాశారు. నేను కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. పిల్లలు వచ్చిన పని కూడా అదే. ఆ సహోదరుడు శిక్ష ముగించుకుని ఇప్పుడు తాండూరులోనే ఉంటున్నాడు, నేను చెబితే వింటాడు, కనుక పండుగ రోజు వేదిక ఎక్కి సాక్ష్యం చెప్పమని నేనే వెళ్లి అడగాలట. పోయిన నెలలోనే, ఎక్కడో జరిగిన ఒక ఘోరానికి ఈ పిల్లలే కొవ్వొత్తులు పట్టుకుని బస్టాండు దాకా నడిచి, చేసినవాణ్ని ఉరి తీయాలని అరిచి, ఆ ఫొటోలు నా ఫోనుకు కూడా పంపించారు. అడిగి చూస్తానని మాటిచ్చి, చాయ్ ఇచ్చి పంపించాను. వాళ్లు వెళ్లాక మాత్రం నిద్ర పట్టలేదు.

మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో తాండూరులో ఒక పక్క పప్పు మిల్లుల పొట్టు ఎగిరేది, ఇంకో పక్క బండలు కోసే మిషన్ల తెల్ల దుమ్ము లేచేది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నా జడ దువ్విన దువ్వెన తెల్లబడితే, ఇంత చిన్న వయసులో తల నెరిసిందేమిటని భయపడి అద్దం ముందుకు పరుగెత్తానని మా ఆయన పోయేదాకా నన్ను ఏడిపించాడు. నేను బడిలో పంతులమ్మను. మా అత్త సంఘంలో బైబిల్ స్త్రీగా పని చేసేది, అంటే పల్లె పల్లె తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పడం, పాటలు నేర్పడం, మంచాన పడ్డవాళ్ల పక్కన కూర్చుని ప్రార్థన చేయడం, వీటికి ఇచ్చే జీతం అంతంత మాత్రం. చేతిలో నల్ల గొడుగు, భుజాన సంచి, ముక్కు మీద కోపం. కొడంగల్ బస్సులో కండక్టర్లు ఆమెను చూడగానే ముందు సీటు ఖాళీ చేయించేవారు, భక్తితో కాదు, ఆమె నోటికి జడిసి. సరిహద్దు పల్లెలకు పోతే కన్నడంలో పాడేది, ఉచ్చారణ ఎలా ఉండేదో గాని వినేవాళ్లు మాత్రం ముసిముసిగా నవ్వేవాళ్లు.

యాలాల్ దగ్గరి ఒక పల్లెలో మా సంఘానికే చెందిన అన్నదమ్ములిద్దరి ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉండేవి. అన్నదమ్ములు ముందే పోయారు. వాళ్ల భార్యలు, అక్కడి మాటలో చెప్పాలంటే యారాండ్లు, ఒక్కొక్క కొడుకుతో మిగిలారు. ఉమ్మడిగా ఒక చెలక, అంటే మెట్ట చేను, ఉండేది, ఏమీ పండదని దాని మొహం ఎవరూ చూసేవారు కాదు. దాని కింద మంచి బండ ఉందని గనుల గుత్తేదారు ఒకడు చెప్పిన నాటి నుంచి ఆ రెండిళ్లలో అన్నం సహించడం మానేసింది. ఒక సాయంత్రం చిన్న యారాలి కొడుకు తాగి వచ్చి, పెద్ద యారాలి కొడుకునూ, అడ్డం వచ్చిన అతని భార్యనూ గొడ్డలితో నరికి చంపాడు. వాళ్ల పసిపిల్ల ఉయ్యాలలో మిగిలింది.

వాడు మంచివాడని చెప్పడానికి నేనిది రాయడం లేదు. మరునాడు అత్త వెంట వెళ్లి ఆ వాకిలి చూసినప్పుడు, వీణ్ని ఉరి తీసినా పాపం లేదని నేను కూడా అనుకున్నదాన్నే. అత్త మాత్రం మొదటి నుంచీ ఒకే మాట మీద ఉంది. వాడికి అక్షరాలూ పాటలూ నేర్పింది ఆమే. వాడు చేసింది ఘోరమని ఎవరి కన్నా గట్టిగా అనేది, అని, అయినా ప్రాణం ఇచ్చినవాడే తీసుకోవాలి గాని మనం తీయరాదని అంతే గట్టిగా అనేది.

కేసు నడిచినంత కాలం చిన్న యారాలు, అంటే వాడి తల్లి, వికారాబాద్ కోర్టుకు ప్యాసింజరు బండిలో వచ్చి పోయేది. చివరికి కింది కోర్టు ఉరిశిక్ష వేసింది. తీర్పు విన్న తల్లి తన పల్లెకు పోకుండా నేరుగా మా ఇంటికి వచ్చి, వంటింటి గడప మీద కూర్చుంది. ఏడవలేదు, నీళ్లిస్తే తాగింది. హైకోర్టు ఖాయం చేస్తే గాని శిక్ష అమలు కాదని, వాణ్ని చిన్ననాటి నుంచి ఎరిగినవాళ్లు, ముఖ్యంగా చర్చి పెద్దలు, వీడు మారగలడు, ప్రాణం తీయవద్దు అని రాసిస్తే జడ్జీలు ఆలోచిస్తారని వకీలు చెప్పాడట. పెద్దలు రాసిస్తే కొడుకు దక్కవచ్చు, రాయకపోతే ఇక దేవుడే దిక్కు. ఆ ఒక్క మాట పట్టుకుని అత్త గొడుగు తీసుకుని బయలుదేరింది, బడి సెలవు రోజుల్లో నేను వెంట వెళ్లాను.

ముందు ఆదివారం ఆరాధనలో, ప్రార్థన మనవులు చెప్పే సమయాన, అత్త లేచి వాడి పేరు చెప్పింది. మా దగ్గర రివాజు ఏమిటంటే, ఎవరి పేరు చెప్పినా సంఘమంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంటుంది. జ్వరమొచ్చిన వాళ్లకు, పరీక్ష రాసే పిల్లలకు, చివరికి ఈనలేకపోతున్న బర్రెకు కూడా అనేవాళ్లం. ఆ రోజు అత్తా, వాడి తల్లీ, నేనూ అన్న ఆమెన్ మాకే వినపడి సిగ్గేసింది. ఆ తరువాత అత్త ప్రతి ఆదివారం ఆ పేరు చెబుతూనే వచ్చింది, ఆమె లేవగానే కొందరు చెప్పులు వెతుక్కుని బయటికి నడిచేవారు.

అయ్యగారు, అంటే మా పాస్టరు, కొత్తగా బదిలీ మీద వచ్చిన యువకుడు. పెద్దలు రాస్తే నేనూ రాస్తానన్నాడు. పెద్దలందరికీ పెద్ద, సంఘంలో పలుకుబడి ఉన్నాయన, మమ్మల్ని వరండాలోనే కూర్చోబెట్టి, సంపినోనికి సావే గదమ్మా, గిందుల మనమెందుకు నడుమ అన్నాడు. అత్త ఆయన మెడ వైపు చూపించి, “మరి మెడల ఏస్కున్న సిలువ ఏంది? గా కాలంల గదే ఉరికొయ్య. శిక్ష వడ్డోనికే మొక్కుతున్నం, జర యాదికుంచుకో” అంది. ఆయన ఇంట్లోంచి వస్తున్న చాయ్ కప్పులు మా దాకా రాకుండానే వెనక్కి పోయాయి.

ఇలా బొంరాస్‌పేటలో ఒకరు, కొడంగల్‌లో ఒకరు, మన జాతిలో పేరు చెడుతుందని ఒకరు, పోలీసులతో పెట్టుకోలేమని ఒకరు, అందరూ వాక్యం చదివి మరీ పంపించారు. రాసిచ్చిన మొదటి మనిషి ఎవరో చెబితే మీరు నమ్మరు, నుదుట నిలువు బొట్టు పెట్టుకునే తాండూరు పప్పు మిల్లు సావుకారు. వాడు ఆయన మిల్లులో బస్తాలు మోశాడు. తాగనంత సేపు వానంత నెమ్మదిమనిషి లేడు, తాగితే మాత్రం నా ఎదురుంగనే ఉండనియ్యలె, రెండూ రాస్త అని, సావుకారు నిజంగానే రెండూ రాశాడు.

రెండో మనిషి పెద్ద యారాలు. కొడుకునూ కోడలినీ పోగొట్టుకున్న ఆ మనిషి గుమ్మం తొక్కడానికి నాకు కాళ్లు రాలేదు, గొడుగు బయట పెట్టి అత్తే ముందు లోపలికి వెళ్లింది. ఆమె మనుమరాలిని ఒళ్లో వేసుకుని, ముందు దాన్ని నిద్రపుచ్చింది. చివరికి వేలిముద్ర వేయడానికి చెయ్యి చాపుతూ, “నేను మాఫ్ జెయ్య. సస్తే వానికి ఒడుస్తది, నాకు ఒడుస్తదా? బతికి గీ పిల్ల మొఖం జూడాలె వాడు” అంది. దాన్ని క్షమాపణ అంటారో శాపం అంటారో నాకు ఇప్పటికీ తెలియదు. అత్త మాత్రం ఆ కాగితం తీసుకుని నేరుగా పెద్దాయన దగ్గరికి పోయి, కడుపుకోత వడ్డామెనే ఒద్దన్నది, కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా అని నలుగురిలో అడిగింది. అడగకుండా ఉంటే బాగుండేదేమో. పెద్దమనుషులు తప్పు ఒప్పుకుంటారు గాని నలుగురిలో మాట పడరు.

ఆ తరువాత కోత పండుగ వచ్చింది. తెలియని వారి కోసం చెబుతున్నాను, ఆ రోజు ఎవరి చేలో పండింది వాళ్లు మొదటి పంటగా తెచ్చి బలిపీఠం ముందు పెడతారు, ఆరాధన అయ్యాక ఆవరణలో వాటిని హర్రాజు, అంటే వేలం, పాడతారు. ఇచ్చినవాళ్ల పేరు చెప్పి పాట మొదలుపెట్టడం ఆనవాయితీ. ఎంత చిన్న వస్తువైనా ఎవరో ఒకరు పాడుకోవలసిందే, మిగిలిపోతే ఇచ్చినవాళ్లకు అవమానం. మా బడిపిల్ల ఒకతె తెచ్చిన ఒక్క నిమ్మకాయ మీద కూడా పోటీలు పడేవారు. దేవునికిచ్చింది మళ్లీ ఇంటికి తీసుకుపోకూడదు. హర్రాజు పాడేది ఆ పెద్దాయనే, ఆయన గొంతు రైల్వే స్టేషను దాకా వినిపించేది.

చిన్న యారాలు తన చేలో ఏరిన కందులు పాత చీర పేలికలో మూటగట్టి తెచ్చింది. పెద్దాయన గుమ్మడికాయ పాడాడు, జొన్నలు పాడాడు, ఆ మూట చేతిలోకి తీసుకున్నాడు. పేరు చెప్పలేదు. ఆవరణ నిండా మనుషులున్నా పిల్లల అల్లరి తప్ప చప్పుడు లేదు. అత్త తన గొడుగు పైకెత్తి తన పాట పాడింది. పెద్దాయన నేల చూస్తూ ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు, అని, మూటను గోడ వారన పెట్టి, పక్కనున్న కోడిపుంజు కాళ్లు పట్టి పైకెత్తాడు. మూడోసారి అను, అను మూడోసారి, అని అత్త నిలబడే ఉంది. కోడిపుంజు పాట జోరుగా సాగింది. మూడోసారి అనందే మూట అత్తది కాదు, బలిపీఠం ముందు పెట్టాక తల్లిది కూడా కాదు. వాడి తల్లి ఆ మూట వైపు ఒకసారి చూసి, కొంగు నెత్తిన కప్పుకుని, గేటు దాటి వెళ్లిపోయింది, మళ్లీ ఆ గేటు లోపలికి రాలేదు. కొన్ని వారాల తరువాత చూస్తే, ఎలుకలు కొరికిన మూటను ఊడ్చి బయట పారబోశారు. నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు, తగ్గాలని కూడా నేను ప్రార్థించలేదు.

పెద్దల కాగితం లేకుండానే, సావుకారు రాసింది, పెద్ద యారాలి వేలిముద్ర, అత్తా నేనూ రాసింది, ఇవే వకీలు హైకోర్టులో పెట్టాడు. ఉరి తప్పి యావజ్జీవమైంది. ఆ మాట తెలిసిన ఆదివారం పెద్దాయన లేచి దేవుడు మన మొర ఆలకించాడన్నాడు, సంఘమంతా గట్టిగా ఆమెన్ అంది. అత్త ఆ రోజు నోరు తెరవలేదు. వయసైందని చెప్పి ఆ ఏడాదే ఆమెను పనిలోంచి తప్పించారు. వాడి తల్లి, కొడుకు బయటికి రాకముందే పోయింది. ఇప్పుడు ఎవరిని అడిగినా మా ఇంట్లో వాడి కోసం ఉపవాసం ఉన్నామనే చెబుతారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాత్రం మాయం.

మాటిచ్చాను కనుక నిన్న తాండూరు వెళ్లాను. వాడు, వాడనడం తప్పేమో, తల నెరిసిన మనిషి, ఊరి బయట బండల పాలిష్ చేసే చోట పని చేస్తున్నాడు. తాగడం లేదు. ఉయ్యాలలోని ఆ పిల్ల పెళ్లయి వేరే ఊళ్లో ఉందని, ఎప్పుడైనా నానమ్మ ఇంటికి వస్తే, తాను పల్లెలోని తమ ఇంట్లో ఉన్నా గోడ అవతలే ఉండిపోతానని చెప్పాడు. నేను కార్డు ఇచ్చి, వాళ్లు అడగమన్నది అడిగాను. దుమ్ము చేతులు లుంగీకి తుడుచుకుని కార్డు చదివి నాకే తిరిగి ఇచ్చాడు. తల్లి జైలుకు ములాఖత్‌కు వచ్చినప్పుడల్లా ఒకటే ముచ్చట చెప్పేదట.

“మా అమ్మ కందులకు మూడోసారి అన్నరా, టీచరమ్మా? అన్నంక జెప్పు, వస్త.”

సాయంత్రం బండిలో తిరిగి వస్తూ ఆ మూట కథా, అతని మాటా ఫోనులో ఆ పిల్లలకు చెప్పాను. ఆ మూట ఇప్పుడెక్కడుంది ఆంటీ, దొరికితే స్టేజీ మీద పెట్టి పాడిద్దాం అన్నారు. వాళ్లను తిట్టలేకపోయాను, వాళ్లు అప్పటికి పుట్టలేదు. ఇప్పుడు మా కోత పండుగకు మైకులున్నాయి, దూరదేశాల వాళ్లు కూడా ఫోనులోనే పాడుతున్నారు, మూడోసారి అనగానే డప్పు మోగుతుంది. ఆ పాత ఆవరణలో మైకులు లేని గొంతులే ఉండేవి, ఆ గొంతులలో కొన్ని, ఒక ప్రాణం కోసం ఇల్లిల్లూ తిరిగి అడిగే గొంతులు కూడా ఉండేవి. అత్త గొడుగు ఇంకా మా ఇంట్లో ఉంది, బట్ట చిరిగింది. వజ్రోత్సవానికి నేను వెళతాను, వెనక వరుసలో కూర్చుంటాను, ప్రార్థన మనవులు అడిగినప్పుడు, పోయిన నెల ఈ పిల్లలు ఉరి తీయమని అరిచిన ఆ మనిషి పేరు లేచి చెబుతాను. ఆమెన్ అనడానికి పక్కన అత్త ఉండదు.