అత్తగారి కొలతకు తుపాకీ

మా అత్తగారికి తుపాకీ కొనిచ్చాను. ఈ మాట విన్నవాళ్ళలో సగం మంది నా కాపురం ఎలా ఉందని అడిగారు. మిగతా సగం ఆవిడ ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. కాపురం బాగానే ఉంది. ఆరోగ్యం కోసమే కొన్నాను.

ఆవిడ కోస్తాలో ఒక మిషన్ స్కూల్లో ముప్ఫై ఏళ్ళు డ్రిల్ టీచరు. ఆడపిల్లల ఎన్‌సీసీ కూడా ఆవిడే చూసేవారు. రిటైరై విన్నిపెగ్‌లో మా దగ్గరికి వచ్చాక, రెండో చలికాలంలో మా ఇంటి ముందు డ్రైవ్‌వే మంచు మీద జారిపడి ఎడమ భుజం విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ చేసిన డాక్టరు, ఆ చెయ్యి మళ్ళీ ఎంతవరకు లేస్తుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు. లేవకపోతే చీర కట్టుకోవడానికి కూడా రోజూ కూతుర్ని పిలవాలి. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ నోటితో అనలేదు. కూతుర్ని పిలిచిన ప్రతిసారీ ముఖం మాత్రం గోడవైపు తిప్పుకునేవారు.

ఫిజియోథెరపీవాళ్ళు ఇచ్చిన రబ్బరు పట్టీని రెండు రోజులు లాగి వంటింటి డ్రాయర్లో పడేశారు. ఓ సాయంత్రం నేను ఆఫీసు కాల్ ముగించి బేస్‌మెంట్‌లోంచి పైకొచ్చేసరికి, చీపురుకర్ర కుడి భుజానికి ఆనించి, ముందు భాగాన్ని ఎడమచేత్తో మోస్తూ, కిటికీలోంచి ఎదురింటి చెత్తడబ్బాకి గురిపెట్టి ఉన్నారు. కర్ర కొన కిందికి వాలుతోంది. దించడం లేదు.

"ఏం లేదు బాబూ, ఊరికే," అన్నారు నన్ను చూసి.

ఆ 'ఊరికే' రోజుకి మూడుసార్లు జరగడం మొదలైంది. పట్టీ చేయలేని పని చీపురుకర్ర చేస్తోంది. ఊరికి అవతల మట్టి పళ్ళేలు గాల్లోకి విసిరి తుపాకీతో కాల్చే క్లబ్బు ఉందని నాకు తెలుసు. అలా మొదలైంది.

సర్‌ప్రైజ్‌గా ఇద్దామనుకున్నాను, కుదరలేదు. ఈ దేశంలో తుపాకీ పుచ్చుకునేవాళ్ళకి లైసెన్సు ఉండాలి. దానికి క్లాసు, పరీక్ష. ఆవిడ ఒక్కరినే పంపడం ఎందుకని నేనూ చేరాను. ప్రాక్టికల్లో ఖాళీ తుపాకీ చేతికివ్వగానే నా వేలు తిన్నగా ట్రిగ్గర్ మీదికి పోయింది. కాల్చేదాకా దాన్ని ముట్టకూడదట. ఫెయిల్. అత్తగారు పాసయ్యారు. ఇంజనీరింగ్ మొత్తం ఒక్క సబ్జెక్టూ తప్పకుండా పాసైనవాణ్ణని కార్లో ఆవిడకి గుర్తుచేశాను.

"అది థియరీ కదా బాబూ," అన్నారు.

ఇంతలో వార్త లండన్ చేరింది. ఒంటారియోలోని లండన్. మా బావమరిది అక్కడ ఆసుపత్రిలో పనిచేస్తాడు.

"బావా, అమ్మకి గన్ ఏంటి? వీల్‌చెయిర్ ర్యాంప్ పెట్టించమంటే అర్థముంది."

"ఆవిడ కాళ్ళు బానే ఉన్నాయి."

"జోకులొద్దు. ఆవిడ ఏజ్ ఎంతో తెలుసా?"

"తెలుసు. లైసెన్సు మీద ఉంది."

తర్వాత కొన్నాళ్ళు అతను నాతో మాట్లాడలేదు. ఇంటికి ప్రశాంతత వచ్చింది.

దుకాణంలో కుర్రవాడు మర్యాదస్తుడు. ఆడవాళ్ళకని గులాబీ రంగుది బయటికి తీశాడు. అత్తగారు దాన్ని చూసిన చూపు స్కూల్లో యూనిఫారం లేకుండా వచ్చిన పిల్లలకి గుర్తుండే ఉంటుంది. లోపల పెట్టేశాడు. ఎంత తేలికైతే అంత మంచిదని నా సిద్ధాంతం. తేలిక తుపాకీ భుజాన్ని గట్టిగా తంతుందని, తూటా కూడా చిన్నదైతేనే భుజం బతుకుతుందని అతను చెప్పాడు. పెద్ద తూటాది ఆవిడ ఎత్తి చూశారు, నిలవలేదు. చివరికి అన్నిటికన్నా సన్నగొట్టంది, ఫోర్ టెన్ అంటారు, దాని దగ్గర ఆగారు. అది పిల్లలు నేర్చుకునేదనీ, తూటాలో సీసపు గుళ్ళు తక్కువ కాబట్టి దాంతో ఎగిరే పళ్ళేన్ని కొట్టడం కష్టమనీ అన్నాడు.

"కష్టమైతే కష్టం. నాకు పళ్ళేలతో పనేముంది?" అని తెలుగులోనే అన్నారు. నేను అనువదించలేదు.

ఇంకో చిక్కు. అది పంపు తుపాకీ. ఒకసారి కాల్చాక ముందు పిడిని ఎడమచేత్తో వెనక్కి లాగి ముందుకు తోస్తేనే రెండో తూటా ఎక్కుతుంది. సరిగ్గా ఆ వైపు భుజమే విరిగింది. తనంతట తానే ఎక్కించుకునే రకం కూడా ఉందని కుర్రవాడు చూపించాడు.

"అన్నీ అదే చేసుకుంటే నా చెయ్యి ఏం చెయ్యాలంట?" అన్నారు.

పంపుదే ఆవిడ పేరు మీద రాయించాం.

దాన్ని ఆవిడ ఒంటికి సరిపెట్టాలి. ఊరికి గంట దూరంలో, తన గరాజ్‌లో తుపాకులు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. కొలత పంపమన్నాడు. జూలైలో, మా హాల్లో, మోచెయ్యి వంపు నుంచి చూపుడువేలి దాకా టేపుతో నేనే కొలిచాను. ఆ లెక్కన ఆయన భుజానికి ఆనే వెనక చెక్క కోసి, చివర మెత్తని రబ్బరు దిండు బిగించాడు. ముందు పిడి తీసేసి, ఆవిడ చెయ్యి పూర్తిగా చాపకుండానే అందేలా వెనక్కి పొడుగున్నది వేశాడు. ఇంటికి తెచ్చాక అది తాళం బీరువాలోకి చేరింది.

శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూటం. ఎవరు చెప్పారో, తుపాకీ కూడా ప్రార్థన అంశాల్లో చేరింది. స్త్రీల సమాజం ఆంటీ ఒకావిడ కళ్ళు మూసుకుని, "ప్రభువా, మా సహోదరి మనసును ఆ ఆయుధం మీదనుంచి మళ్ళించు తండ్రీ," అని అందుకున్నారు. గదంతా ఆమెన్ అంది. అత్తగారు అనలేదు.

"నా మనసు బానే ఉందమ్మా. భుజం గురించి అడగండి," అన్నారు. "ఇంకా టైముంటే గురి గురించి కూడా."

ఆ మధ్యలో ఎవరు నవ్వారో దేవుడికి తెలుసు. నా భార్య కూడా నావైపే చూసింది.

నవంబరులో మొదటిసారి క్లబ్బుకి వెళ్ళాం. అత్తగారు పార్కా అనే మందపాటి చలికోటు తొడుక్కున్నారు, లోపల స్వెట్టరు, దాని లోపల శాలువా. తుపాకీ ఎత్తబోతే వెనక చెక్క చంకలో ఇరుక్కుంది. భుజం దాకా రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు, మళ్ళీ ఇరుక్కుంది. నేను కొలిచింది నూలు చీర మీద, కోటు మందం లెక్కలోకి రాలేదు. ఆరు చలికాలాలు ఈ ఊళ్ళో గడిపి కూడా, కొలత అంటే చొక్కాకి టైలరు తీసే కొలతే అనుకున్నాను.

"ఏ కోటు మీద కొలిచావు?" అని గరాజ్ పెద్దాయన అడిగాడు. కోటే లేదన్నాను. ఆయన రంపం తీశాడు.

ఈసారి ఆవిడ పార్కాతోనే నిలబడ్డారు. చెక్కలో ఇంకో అంగుళం పోయింది.

ఇది విని బావమరిది మౌనం వీడాడు. "చూశావా? దేవుడే వద్దంటున్నాడు," అని, లాంగ్ వీకెండ్‌కి విమానమెక్కి వచ్చాడు. తల్లికి నచ్చజెప్పడానికట. ఆవిడ అతన్ని క్లబ్బుకే తీసుకెళ్ళారు.

ఒకదాని వెనక ఒకటిగా రెండు పళ్ళేలు విసురుతారు. ఆవిడ తుపాకీ ఎత్తారు, ఈసారి భుజంలో కుదురుగా కూర్చుంది. మొదటి తూటా కాల్చారు. ఎడమచెయ్యి పిడిని సగం వెనక్కి లాగి ఆగిపోయింది. పళ్ళేలు రెండూ దర్జాగా వెళ్ళి మంచులో పడ్డాయి. అతను ఒక అడుగు ముందుకేశాడు.

"చాలమ్మా. నేను పట్టుకుంటా, ఇవ్వు."

"నీకు లైసెన్సు లేదు. వెనక్కి పో," అన్నారు, తల తిప్పకుండా.

కాల్పులు చూసుకునే క్లబ్బు మనిషి దగ్గరుండి తుపాకీ ఖాళీ చేయించాడు. మళ్ళీ నింపారు. మళ్ళీ రెండు పళ్ళేలు. ఈసారి పిడి చివరిదాకా వచ్చింది గాని ముందుకి వెళ్ళేసరికి ఆలస్యమైంది. మూడోసారి పెదవి కొరుక్కున్నారు. కాల్చారు. పిడి వెనక్కి వచ్చింది, ముందుకి వెళ్ళింది. ఆ చప్పుడు ముగిసీ ముగియకముందే రెండో తూటా పేలింది. ఖాళీ తొడుగు నా బూటు పక్కన పడి మంచులో చిన్న కన్నం చేసింది. పళ్ళేలు రెండూ ఎప్పటిలాగే చెక్కుచెదరకుండా దిగాయి.

"ఒక్కటీ తగల్లేదు కదమ్మా," అన్నాడు కొడుకు, నెమ్మదిగా.

ఆవిడ తుపాకీ తెరిచి, ఖాళీ అయిందని చూసుకుని, అప్పుడు అతనివైపు తిరిగారు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. చలికి అనుకోవచ్చు.

"రెండో తూటా ఎవరు ఎక్కించారో చూశావా?" అన్నారు.